బ్రోచర్‌లో కనిపించని సంగతి: చెన్నై, బెంగళూరు క్యాంపస్‌ల పని సంస్కృతి, విద్యార్థుల సంతృప్తి

క్లుప్తంగా: ఫీజులు, భవనాలు, నిబంధనలు దాదాపు ఒకేలా ఉన్న రెండు విద్యాసంస్థల్లో విద్యార్థుల సంతృప్తి వేర్వేరుగా ఉందంటే, కారణాన్ని సంస్థ లోపలి పని సంస్కృతిలో వెతకాలి. నిబంధనలో ఇమడని చిన్న సమస్య వచ్చినప్పుడు ఎవరు నిర్ణయం తీసుకుంటారు, ఎంత త్వరగా తీసుకుంటారు, కారణం చెబుతారా లేదా అన్న చోట అది బయటపడుతుంది. సంతృప్తిని కొలిచే సర్వేలు కూడా అదే సంస్కృతిలో జరుగుతాయి కాబట్టి వాటి అంకెలను యథాతథంగా తీసుకోలేం.

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, అనంతపురం వైపు నుంచే కాక గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి కూడా ఎందరో విద్యార్థులు చెన్నై, బెంగళూరు కాలేజీల వైపు చూస్తారు. ఇంట్లో చర్చంతా నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: ర్యాంకు ఎంత, న్యాక్ గ్రేడ్ ఏమిటి, ప్యాకేజీ ఎంత, ఫీజు ఎంత. చేరిన ఏడాదికి అదే విద్యార్థి తన జూనియర్‌కు ఫోన్‌లో చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. మేనేజ్‌మెంట్ ఎలాంటిది, హెచ్‌ఓడీ మన మాట వింటారా, సర్టిఫికెట్ కావాలంటే ఎన్నిసార్లు తిప్పుతారు, హాస్టల్ నుంచి ఔట్‌పాస్ దొరుకుతుందా... ఇవే ముందుకొస్తాయి. చేరకముందు అడిగే ప్రశ్నలకూ చేరాక తేలే విషయాలకూ మధ్య ఇంత దూరం ఎందుకుందో చూడాలి.

## ర్యాంకులు చూసేది ఏమిటి

విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ తొలి జాబితా 2016లో వచ్చింది. అది ఐదు అంశాలను లెక్కిస్తుంది: బోధన-వనరులు, పరిశోధన, డిగ్రీ పూర్తిచేసినవారి ఫలితాలు, అన్ని వర్గాలకూ చోటు, సంస్థకున్న పేరు. ఈ చివరి అంశంలో ఉద్యోగాలిచ్చే కంపెనీల, ఇతర విద్యావేత్తల అభిప్రాయాలు లెక్కకు వస్తాయి. ప్రస్తుతం ఆ క్యాంపస్‌లో చదువుతున్నవారి మాటకు విడిగా చోటు లేదు.

న్యాక్ పద్ధతి కొంత వేరు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసి గ్రేడ్ ఇచ్చేందుకు 1994లో ఏర్పడిన ఈ మండలి ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉంది. 2017లో సవరించిన విధానంలో విద్యార్థి సంతృప్తి సర్వేను చేర్చారు. అయితే ఏడు ప్రమాణాల్లో ఆ సర్వే రెండోదైన బోధన, మూల్యాంకనం కిందికి వస్తుంది. పాలన, నాయకత్వం ఆరో ప్రమాణం. సంస్థ విలువలు ఏడోది. అంటే సంస్థ ఎలా నడుస్తుందన్నదానికి ఒకచోట, విద్యార్థి ఏమనుకుంటున్నాడన్నదానికి మరోచోట మార్కులు పడతాయి. మొదటిది రెండోదాన్ని ఎలా మారుస్తుందన్నది గ్రేడ్ చూసి చెప్పలేం.

## సంస్కృతి అంటే ఫెస్టులు కావు

క్యాంపస్ కల్చర్ అనగానే ఫెస్టులు, క్లబ్బులు గుర్తొస్తాయి. సంస్థల అధ్యయనంలో ఈ మాటకు అర్థం వేరు. అమెరికన్ పరిశోధకుడు ఎడ్గార్ షైన్ దీన్ని మూడు పొరలుగా చూశారు. పైపొర కంటికి కనిపించేది: అద్దాల భవనాలు, మెడలో ఐడీ కార్డులు, డ్రెస్ కోడ్. రెండో పొర సంస్థ తన గురించి చెప్పుకునేది: గోడమీద రాసిన విజన్, ‘విద్యార్థే మాకు కేంద్రం’ లాంటి వాక్యాలు. మూడోది ఎవరూ రాయనిది, అందరూ నమ్మేది. ‘కాస్త వదిలేస్తే పిల్లలు చెడిపోతారు’ అన్నది అలాంటి నమ్మకమే. ‘18 ఏళ్లు నిండాయి, వాళ్ల బాగోగులు వాళ్లు చూసుకోగలరు’ అన్నదీ అలాంటిదే.

రెండో పొరలో దాదాపు అన్ని సంస్థలూ ఒకే భాష మాట్లాడతాయి. తేడా వచ్చేది మూడో పొరలో. అక్కడ పాతుకుపోయిన నమ్మకాన్ని బట్టే వార్డెన్ గొంతు, క్లర్కు సమాధానం, అధ్యాపకుడి చొరవ ఉంటాయి. పైన పటారం లోన లొటారం అని సీనియర్లు ఒక్క ముక్కలో తేల్చేసేది ఈ రెండు పొరల మధ్య ఖాళీనే.

## ఒక ఓడీ ఫైలు ప్రయాణం

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక మామూలు ఉదాహరణ చాలు. ఒక విద్యార్థి కాలేజీ తరఫున మూడు రోజుల హ్యాకథాన్‌కు వెళ్లాడనుకుందాం. అందుకు ఆన్ డ్యూటీ, అంటే ఓడీ కింద హాజరు ఇవ్వాలి. ఇవ్వకపోతే అతని హాజరు 77 శాతం నుంచి 73కు పడిపోతుంది. పరీక్ష రాయడానికి కావాల్సింది 75.

మొదటి సంస్థలో అతను ఈవెంట్ కోఆర్డినేటర్ లేఖ పట్టుకుని ఫ్యాకల్టీ అడ్వైజర్ దగ్గరికి వెళతాడు. ఆమెకు సంతకం చేయడానికి అభ్యంతరం లేదు. కానీ గత సెమిస్టర్‌లో ఇలాగే సంతకం చేసిన మరో అధ్యాపకుడిని డీన్ పిలిచి ‘ఎవరినడిగి చేశారు’ అన్న సంగతి ఆమెకు తెలుసు. ‘హెచ్‌ఓడీ సార్‌ను అడుగు’ అంటుంది. హెచ్‌ఓడీ మీటింగ్‌లో ఉంటారు. దొరికాక ‘ఈ ఈవెంట్‌కు సర్క్యులర్ రాలేదే’ అంటారు. డీన్ ఆఫీసులో ఫైలు పెట్టి వెళ్లమంటారు. మూడు రోజుల తర్వాత వెళితే, పోర్టల్‌లో ఓడీ ఎక్కించే గడువు నిన్నటితో అయిపోయిందని తెలుస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ పూర్తిగా అతకదు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ కాదనలేదు. కాదనకుండానే పని ఆగిపోయింది.

రెండో సంస్థలోనూ అదే 75 శాతం నిబంధన, అలాంటి పోర్టలే. కాకపోతే సెమిస్టర్‌కు ఇన్ని రోజుల వరకు ఓడీ మంజూరు చేసే అధికారం ఫ్యాకల్టీ అడ్వైజర్‌కే ఇచ్చారు. పొరపాటు జరిగితే తర్వాత సరిదిద్దుతారు తప్ప సంజాయిషీ అడగరు. ఆ సాయంత్రానికే ఓడీ నమోదవుతుంది.

ఇద్దరు విద్యార్థులకూ దొరికిన బోధన ఒకటే కావచ్చు. ల్యాబ్‌లు మొదటి సంస్థలోనే మెరుగ్గా ఉండొచ్చు. అయినా సంవత్సరాంతంలో ‘ఈ కాలేజీని తమ్ముడికి సిఫార్సు చేస్తావా’ అని అడిగితే జవాబులు కలవవు. మొదటి సంస్థలో విద్యార్థికి అర్థమైంది ‘ఇక్కడ నా మాటకు విలువ లేదు’ అని. నిజానికి అక్కడ అధ్యాపకురాలి మాటకూ విలువ లేదు. ఈ గొలుసు బయటివారికి కనిపించదు. సిబ్బంది తమపైన ఉన్నవారికి భయపడే చోట ప్రతి నిర్ణయం ఒక మెట్టు పైకి జరుగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం విద్యార్థికి నిర్లక్ష్యంగానో అవమానంగానో తోస్తుంది. కొన్ని ప్రైవేటు సంస్థల్లో అధ్యాపకులకు పాఠాలతో పాటు అడ్మిషన్ల టార్గెట్లు, పరిశోధన పత్రాల టార్గెట్లు కూడా ఉంటాయి. అలాంటిచోట విద్యార్థి తెచ్చిన కాగితం అధ్యాపకుడికి అదనపు భారమే అవుతుంది.

ఎడ్యుకేషన్ లోన్‌కు కావాల్సిన బోనఫైడ్ సర్టిఫికెట్ దగ్గరా ఇదే కథ. ఒంగోలులో బ్యాంకు మేనేజర్ అది లేనిదే తర్వాతి విడత విడుదల చేయరు. విడత రానిదే కాలేజీలో ఆలస్య రుసుము పడుతుంది. తండ్రి అక్కడ, కొడుకు ఇక్కడ, మధ్యలో ఒక సంతకం. ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టే ఈ వారం పది రోజులు ఏ ర్యాంకింగ్ లెక్కలోకీ రావు.

## కాదన్నా ఒప్పుకుంటారు, కారణం చెబితే

అడిగినవన్నీ ఇచ్చేస్తే విద్యార్థులు సంతృప్తి పడతారన్నది తరచూ వినిపించే అపోహ. థిబో, వాకర్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో న్యాయ ప్రక్రియల మీద చేసిన పని ఇందుకు భిన్నమైన విషయం చెప్పింది. తమ వాదన వినిపించుకునే అవకాశం ఉన్నప్పుడు, ఫలితం తమకు వ్యతిరేకంగా వచ్చినా ప్రక్రియ న్యాయంగానే సాగిందని మనుషులు భావిస్తారు. క్యాంపస్‌కూ ఇది వర్తిస్తుంది.

హాజరు నిబంధనలే చూడండి. అన్నా విశ్వవిద్యాలయం నిబంధనల్లో 75 శాతం తప్పనిసరి. అనారోగ్యం వంటి కారణాలుంటే 65 నుంచి 75 మధ్య ఉన్నవారికి రుసుముతో మినహాయింపు ఉంది. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే వీటీయూ పరిధిలో 85 శాతం కావాలి. అందులో 10 శాతం వరకు లోటును మన్నించే వీలుంది. కాగితం మీద బెంగళూరు కాలేజీ కఠినంగా కనిపిస్తుంది. కానీ విద్యార్థుల కోపం ఈ అంకెల మీద తక్కువ. పక్క సెక్షన్ వాడికి ఇచ్చి తనకు ఎందుకు ఇవ్వలేదు, ఎవరి సిఫార్సుతో వాడి పేరు జాబితాలోకి ఎక్కింది అన్నదాని మీదే ఎక్కువ. 85 శాతాన్ని అందరికీ ఒకేలా అమలు చేసే కాలేజీ కంటే, 75 శాతాన్ని మనిషిని బట్టి మార్చే కాలేజీ మీదే అసంతృప్తి పేరుకుంటుంది.

## సంస్థ రకాన్ని బట్టి సమస్య రకం

రెండు నగరాల్లోనూ ప్రధానంగా మూడు రకాల సంస్థలున్నాయి. అనుబంధ కాలేజీల్లో బాధ్యత చేతులు మారుతూ ఉంటుంది. ‘అది యూనివర్సిటీ రూల్’ అని కాలేజీ అంటుంది, ‘మీ కాలేజీ ద్వారా రండి’ అని యూనివర్సిటీ అంటుంది. బెంగళూరులో ఎన్నో ఇంజినీరింగ్ కాలేజీలకు మాతృసంస్థ అయిన వీటీయూ ప్రధాన కార్యాలయం బెళగావిలో ఉంది. రీవాల్యుయేషన్ ఫలితం కోసం చూసే విద్యార్థికి ఆ దూరం మామూలు దూరం కాదు. స్వయంప్రతిపత్తి పొందిన కాలేజీల్లో ఈ సాకు కొంత తగ్గుతుంది, ఎందుకంటే పరీక్షలు పెట్టేదీ తామే.

ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో నిర్ణయాలు వేగంగా జరుగుతాయి. అయితే అవి కొద్దిమంది చేతుల్లోనే ఉంటాయి. ఛాన్సలర్ ఒక్కమాట అంటే వారంలో కొత్త కోర్సు మొదలవుతుంది. అదే వేగంతో ముందస్తు చర్చ లేకుండా కొత్త ఆంక్ష కూడా వస్తుంది. ఇక మద్రాస్ ఐఐటీలో పరిస్థితి వేరు. 1959లో ఏర్పడిన ఆ సంస్థలో విద్యా విషయాలు సెనేట్ చూస్తుంది, విద్యార్థులు ఎన్నుకున్న కార్యదర్శులుంటారు. అక్కడ ఒత్తిడి లేదని కాదు. ఒత్తిడి గురించి మాట్లాడే వేదిక ఉంది. అనేక ప్రైవేటు క్యాంపస్‌లలో విద్యార్థి ప్రతినిధిని మేనేజ్‌మెంటే ఎంపిక చేస్తుంది. ఎన్నికలు జరపాలని, విద్యార్థి సంఘాల ఎన్నికలను పరిశీలించిన లింగ్డో కమిటీ 2006లో సిఫార్సు చేసినా ఆచరణ అంతటా ఒకేలా లేదు. నామినేట్ అయిన ప్రతినిధి విద్యార్థుల మాట పైకి చేర్చడం కంటే పైవారి సర్క్యులర్ కిందికి పంపడమే ఎక్కువగా చేస్తాడు.

## తెలుగు విద్యార్థి వెంట తెచ్చుకునే అంచనాలు

సంతృప్తి అన్నది దొరికినదాన్ని బట్టి మాత్రమే ఉండదు, ఆశించినదాన్ని బట్టి కూడా ఉంటుంది. వినియోగదారుల ప్రవర్తన మీద రిచర్డ్ ఆలివర్ 1980లో ప్రతిపాదించిన ఈ సూత్రం తెలుగు విద్యార్థుల విషయంలో ఒక ప్రత్యేక రూపం తీసుకుంటుంది.

వీరిలో చాలామంది కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ చదివినవారే. తెల్లవారుజాము నుంచి స్టడీ అవర్లు, ఫోన్ నిషేధం, ఎప్పుడో ఒక ఔటింగ్. ఆ రెండేళ్లూ వినపడే ఓదార్పు ఒకటే: ‘ఇప్పుడు ఓర్చుకో, బీటెక్‌లో అంతా నీ ఇష్టం’. అలా పెరిగిన అంచనాతో వచ్చిన పిల్లవాడికి బయోమెట్రిక్, ఔట్‌పాస్, రాత్రి హాజరు ఎదురైతే నిరాశ రెట్టింపవుతుంది. అదే ఆంక్ష స్థానిక డేస్కాలర్‌ను అంతగా తాకదు, సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు కాబట్టి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫీజు కట్టేది తల్లిదండ్రులు. పిల్లవాడు క్లాసుకు రాలేదని నెల్లూరులో తండ్రి ఫోన్‌కు మెసేజ్ వస్తే ఆయనకు ఆ కాలేజీ మీద గౌరవం పెరుగుతుంది, కొడుక్కి తగ్గుతుంది. సంస్థ ఇద్దరిలో ఎవరిని తన వినియోగదారుగా భావిస్తుందన్నదే మూడో పొరలోని నమ్మకాల్లో అతి ముఖ్యమైనది. తల్లిదండ్రులను మెప్పించే సంస్కృతి అడ్మిషన్లు తెస్తుంది. విద్యార్థి సర్వేలో తక్కువ మార్కులూ తేవచ్చు. అమ్మాయిల హాస్టళ్లలో ఈ ఘర్షణ మరింత ఎక్కువ. భద్రత పేరుతో అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిలకు పెట్టకూడదని లైంగిక వేధింపుల నివారణపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనలే చెబుతున్నాయి. అయినా అమ్మాయిలకు గేటు ముందే మూసే హాస్టళ్లకు కొదవేం లేదు. ఇక్కడ నిబంధనను ఓడించేది సంస్కృతే.

భాష సంగతి రెండు నగరాల్లో ఒకేలా ఉండదు. బెంగళూరులో కిరాణా కొట్టు నుంచి ఆటో దాకా చాలాచోట్ల తెలుగుతో పని జరుగుతుంది. చెన్నైలో హాస్టల్ సిబ్బందితో, ఆఫీసు కౌంటర్‌లో తమిళం రాకపోతే కొంత ఇబ్బందే. పాఠం మధ్యలో అధ్యాపకుడు తమిళంలోకో కన్నడంలోకో జారిపోతే ‘సర్, ఇంగ్లిష్ ప్లీజ్’ అనే ధైర్యం ఎవరికుంటుందన్నది కూడా తరగతి సంస్కృతే నిర్ణయిస్తుంది. ఈ లోటును సాధారణంగా తెలుగు బ్యాచ్ పూరిస్తుంది. ఏ కౌంటర్‌కు ఎన్ని గంటలకు వెళ్లాలి, ఎవరి సంతకం ముందు తీసుకోవాలి, మెస్‌లో సాంబారుతో విసిగిపోతే పప్పూ గోంగూరా ఎక్కడ దొరుకుతాయి, అన్నీ సీనియర్లే చెబుతారు.

విద్యార్థులు చదువు మధ్యలో ఎందుకు మానేస్తారని పరిశోధించిన విన్సెంట్ టింటో 1975లో రెండు రకాల అల్లిక గురించి రాశారు: చదువుతో అల్లిక, క్యాంపస్‌లోని మనుషులతో అల్లిక. తెలుగు బ్యాచ్ రెండోదాన్ని బలంగా ఇస్తుంది. ఆ మేరకు సంస్థతో సంబంధం పలచబడే అవకాశమూ ఉంది. ‘ఫ్రెండ్స్ వల్ల నాలుగేళ్లు హాయిగా గడిచాయి, కాలేజీ మాత్రం వద్దు’ అన్న మాటను సంతృప్తి కింద లెక్కించాలా, అసంతృప్తి కిందా? ప్రశ్నాపత్రంలో ఒకే గడి ఉంటే ఏదో ఒకటి తప్పుతుంది.

## సర్వే చేసేదీ ఆ సంస్థే

ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితేగాని హాల్‌టికెట్ డౌన్‌లోడ్ కాని పోర్టళ్లు ఉన్నాయి. రిజిస్టర్ నంబర్‌తో లాగిన్ అయ్యాక ‘మీ పేరు గోప్యం’ అన్న వాక్యం కనిపిస్తుంది. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో గుర్తున్న విద్యార్థి అన్నిటికీ ‘చాలా బాగుంది’ అని నొక్కి బయటపడతాడు. భయం ఎక్కువ ఉన్నచోట స్కోరు కూడా ఎక్కువ రావచ్చు. స్వేచ్ఛగా మాట్లాడే క్యాంపస్‌లో తక్కువ రావచ్చు. రెండు సంస్థల స్కోర్లను పక్కపక్కన పెట్టి పోల్చడంలో ఉన్న చిక్కు ఇదే.

బ్రిటన్‌లో 2005 నుంచి జరుగుతున్న జాతీయ విద్యార్థి సర్వే చివరి ఏడాది విద్యార్థులను అడుగుతుంది. దాన్ని బయటి సంస్థ నిర్వహిస్తుంది, ఫలితాలు అందరికీ తెలిసేలా ప్రచురిస్తారు. అంతటి సర్వే కూడా ఇంగ్లండ్‌లో 2023 నుంచి ‘మొత్తం మీద సంతృప్తిగా ఉన్నారా’ అన్న ప్రశ్నను తీసేసింది. విడివిడి అనుభవాలను అడగడం వైపే మొగ్గింది.

మరో హెచ్చరిక కూడా అవసరం. సంతృప్తీ, నేర్చుకోవడమూ ఒకటి కావు. అధ్యాపకులకు విద్యార్థులిచ్చే రేటింగులకూ, వారు వాస్తవంగా నేర్చుకున్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని బాబ్ ఉట్ల్, ఆయన సహ పరిశోధకులు 2017లో ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. మార్కులు ధారాళంగా వేసి, పేపరు తేలిగ్గా ఇచ్చి కూడా విద్యార్థులను సంతోషపెట్టొచ్చు. కాబట్టి బోధన కష్టంగా ఉందన్న ఫిర్యాదును, ఆఫీసులో పట్టించుకోలేదన్న ఫిర్యాదును ఒకే గాటన కట్టడం సరికాదు. సంస్కృతి లోపాన్ని చూపేది రెండోదే.

## వెళ్లిపోలేరు, అక్కడ మాట్లాడలేరు

నచ్చని సేవ దొరికినప్పుడు మనిషి ముందు రెండు దారులుంటాయని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వివరించారు: వదిలి వెళ్లడం లేదా నోరు విప్పడం. మన కాలేజీల్లో మొదటి దారి దాదాపు మూసుకుపోయింది. యూజీసీ 2018 అక్టోబరులో ప్రకటించిన విధానం ప్రకారం ప్రవేశాల గడువు దాటి 30 రోజులయ్యాక సీటు వదులుకుంటే ఫీజు తిరిగి రాదు. తర్వాత కొన్నేళ్లు గడువులు సడలించినా, మొదటి సెమిస్టర్ నడుమ అసలు సంగతి తెలిసేవారికి అది ఉపయోగపడదు. వేరే సంస్థలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం మధ్యతరగతి ఇంటికి మాటలు కాదు.

ఇక మిగిలింది నోరు విప్పడం. అందుకోసమే యూజీసీ 2023లో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో పరిష్కార కమిటీ ఉండాలి, ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. సంతృప్తి చెందని విద్యార్థి 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ 30 రోజుల్లో తేల్చాలి. అంబుడ్స్‌పర్సన్ ఆ సంస్థ ఉద్యోగి కాదు. విశ్రాంత వైస్ ఛాన్సలర్, విశ్రాంత ప్రొఫెసర్, మాజీ జిల్లా జడ్జి వంటివారిని నియమించాలి.

యంత్రాంగం ఉంది, కానీ ఫిర్యాదు చేసినవాడిని ‘ప్రాబ్లం స్టూడెంట్’గా చూసే చోట ఆ తలుపు తట్టేవారుండరు. ‘మా దగ్గర ఒక్క ఫిర్యాదూ లేదు’ అని ఒక సంస్థ గొప్పగా చెప్పుకుంటే దాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఫిర్యాదుల సంఖ్య పెరగడం కూడా కొన్నిసార్లు నమ్మకం పెరిగిందనడానికి గుర్తే.

లోపల మాట చెల్లనప్పుడు అది బయటికి వెళుతుంది. తెలుగు వాట్సాప్ గ్రూపులు, జూనియర్ల కోసం సీనియర్లు చేసే యూట్యూబ్ రివ్యూలు ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. వాటిలో అతిశయోక్తులుంటాయి, డబ్బు తీసుకుని చేసిన పొగడ్తలూ ఉంటాయి. అయినా కన్సల్టెన్సీ ఇచ్చిన బ్రోచర్ కంటే బంధువుల అబ్బాయి మాటనే ఇళ్లలో నమ్ముతారు. తెలుగు రాష్ట్రాల అడ్మిషన్ల మీద ఎక్కువగా ఆధారపడిన చెన్నై, బెంగళూరు సంస్థలకు దీని ప్రభావం ముందుగా తగిలేది తర్వాతి ఏడాది సీట్ల దగ్గరే. స్పందనగా కొన్ని సంస్థలు ఇన్‌ఫ్లుయెన్సర్లను పిలుస్తాయి, కొన్ని సింగిల్ విండోలు తెరుస్తాయి. కిటికీ వెనక కూర్చున్న మనిషికి నిర్ణయించే అధికారం ఇవ్వకపోతే అది మరో కౌంటర్‌గానే మిగులుతుంది.

చేరకముందే ఈ సంస్కృతిని అంచనా వేయడం కష్టమే గానీ అసాధ్యం కాదు. అడ్మిషన్ల డెస్క్ చూపించిన విద్యార్థిని కాకుండా, వేరే బ్రాంచిలో చివరి ఏడాది చదువుతున్న వ్యక్తిని అడగాలి. ‘బోనఫైడ్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఓడీకి ఎన్ని సంతకాలు, పోయినసారి నియమం మార్చినప్పుడు ముందు చెప్పారా’ అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు గ్రేడ్ కంటే ఎక్కువ చెబుతాయి. ఫిర్యాదుల కమిటీ, అంబుడ్స్‌పర్సన్ వివరాలను వెబ్‌సైట్‌లోనూ ప్రాస్పెక్టస్‌లోనూ స్పష్టంగా పెట్టాలని 2023 నిబంధనలు చెబుతున్నాయి. ఫీజు కట్టే ముందు ఆ పేజీ ఎంత సులువుగా దొరుకుతుందో, అందులోని నంబరుకు చేస్తే ఎవరైనా ఫోన్ ఎత్తుతారో లేదో చూడొచ్చు.